ఊపిరి నరం

మన మాటల్లో గుండెకూ, ఊపిరికీ ఉన్నంత పలుకుబడి మరే అవయవానికీ లేదు. భయమేస్తే గుండె జారుతుంది. కష్టం వస్తే గుండె రాయి చేసుకుంటాం. పండగ పనులు మీద పడితే ఊపిరి సలపదంటాం. చంటిపిల్లకు జ్వరం తగ్గేదాకా ఊపిరి బిగబట్టుకుని కూచుంటాం, తగ్గాక 'అమ్మయ్య' అని ఊపిరి పీల్చుకుంటాం. ఈ రెండూ ఇరుగు పొరుగు అని అందరికీ తెలుసు. కాని ఆ ఇంటి గోడ పక్కనుంచే ఈ ఇంటికి ఒక సన్నని దారం పోతుందనీ, ఆ ఇంటికి మరమ్మతు చేస్తుంటే ఈ దారానికి దెబ్బ తగలవచ్చుననీ నాకు మాత్రం తెలియదు. టేక్మాల్లో ఉన్న మా అక్కకు గుండె ఆపరేషను అయ్యాకే తెలిసింది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి తగ్గింది. జ్వరమైతే పోయింది గాని, పోతూ పోతూ గుండె కవాటం మీద మచ్చ పెట్టి పోయింది. పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళూ పెద్దవాళ్ళయ్యాక ఆ మచ్చ బయటపడింది. చివరికి ఒక మాఘమాసంలో హైదరాబాదు తీసుకువచ్చి కవాటం మార్పించారు. ఆపరేషను బాగా జరిగిందన్నారు. గుండె గడియారంలా కొట్టుకుంటున్నదన్నారు. జోగిపేట మీదుగా కారులో మెల్లగా టేక్మాల్ చేర్చాం. కథ సుఖాంతం అనుకున్నాం.

పది రోజుల తర్వాత ఫోను చేస్తే అక్క అన్నది: "గుండె బాగైందంటున్నరు చెల్లె. దమ్మే బాగ గాలే. పండుకుంటె పానం పోయినట్టయితది. గోడకు ఒరిగి కూసుంటెనే ఇంత నిమ్మలం."

బావ ఫోను తీసుకుని, "ఏం లేదమ్మా, భయం పట్టుకున్నది. గుండె కోసిండ్రని మనసుల పడ్డది" అన్నాడు. పక్కింటావిడ నరాల బలహీనత అన్నది. ఇంకొకావిడ టానిక్కు పేరు చెప్పింది. అక్క మాత్రం రాత్రుళ్ళు గోడకు చేరగిలబడి తెల్లవార్లూ కూచునేది. ఇంటికి పంపించేటప్పుడు ఈ సంగతి ఎవ్వరూ చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు.

మూడో నెల పరీక్షకు నేనూ తోడు వెళ్ళాను. అక్కడొక కుర్ర డాక్టరు అక్క చెప్పిందంతా ఓపిగ్గా విని, "పడుకుంటేనే ఎక్కువవుతుందా?" అని అడిగి, ఎక్సురే చూసి, ఆ తర్వాత తెర మీద లోపలి కదలిక కనిపించే యంత్రం ముందు నిలబెట్టి, "ముక్కుపొడి పీల్చినట్టు ఒక్కసారి గట్టిగా పీల్చమ్మా" అన్నాడు. అక్క పీల్చింది. తెర మీద కుడిపక్క గొడుగులాంటిది కిందికి దిగింది. ఎడమపక్కది దిగకపోగా పైకి లేచింది. ఆయన మళ్ళీ పీల్చమన్నాడు. మళ్ళీ అంతే.

"నీది భయం కాదమ్మా. ఊపిరి నరం నిద్రపోతున్నది" అన్నాడు.

అక్క కళ్ళ వెంట నీళ్ళు కారాయి. రోగం పేరు విని కాదు, మూడు నెలలుగా తాను చెప్పింది నిజమని ఒక మనిషి అన్నందుకు.

ఆ నరం ఏదో, దాని కథేమిటో చదవాలని నాకు అప్పుడే పట్టుదల పుట్టింది. చదివితే అది రోమునుంచి బయలుదేరి మన అఫ్జల్‌గంజ్ మీదుగా పోయే కథ!

ముందు మాట దగ్గరే మనకొక చిక్కుంది. తెలుగులో రక్తం పారేదీ నరమే, కబురు మోసేదీ నరమే. సూదిమందు వేసేవాళ్ళు "నరం దొరకలేదు" అంటే రక్తనాళం. "నరాలు లాగుతున్నాయి" అంటే అది వేరు. అక్క కూడా "ఏ నరం? నెత్తురు పోయేదా?" అని అడిగింది. కాదు. ఇది కబురు మోసే నరం. మెదడు "ఊపిరి పీల్చు" అని పంపే కబురును కిందికి చేరవేసే తపాలా బంట్రోతు. డాక్టర్లు దీన్ని ఫ్రెనిక్ నరం అంటారు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి.

ఆ కబురు అందుకునేది ఉదర వితానం. బడిపుస్తకాల్లో చదివే ఉంటాం. ఛాతీకీ పొట్టకూ నడుమ గొడుగులా పరచిన కండ. అది కిందికి దిగితే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, గాలి లోపలికి వస్తుంది. మనం నెమ్మదిగా కూచుని పీల్చే ఊపిరిలో ఎక్కువ పని దీనిదే. ఒకపక్క నరం మూగపోతే ఆ పక్క గొడుగు పైకి లేచి అక్కడే ఉండిపోతుంది. నిలబడితే పొట్టలోని బరువు కిందికి జారుతుంది గనుక కొంత నయం. వెల్లకిలా పడుకుంటే ఆ బరువంతా పైకి నెడుతుంది. అక్క గోడకు ఒరిగి కూచోవడంలో ఉన్న శాస్త్రం ఇదే. ఆవిడకు ఎవరూ చెప్పకుండానే ఒళ్ళు చెప్పింది.

విచిత్రమేమిటంటే, ఈ కండ ఉండేది పొట్ట దగ్గరైనా దాని నరం పుట్టేది మెడలో. మెడ దగ్గర వెన్నులోని మూడు, నాలుగు, అయిదో వేళ్ళనుంచి బయలుదేరి, ఛాతీలోకి దిగి, గుండె సంచీని రాసుకుంటూ కిందికి పోతుంది. అంత దూరం ఎందుకంటారా? తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు ఆ కండ మొలిచేది మెడ దగ్గరే. బిడ్డ పెరుగుతున్నకొద్దీ అది కిందికి దిగుతూ, దిగుతూ, తన నరాన్ని కూడా లాక్కుంటూ పోతుంది. అత్తవారింటికి ఎంత దూరం వెళ్ళినా ఆడపిల్ల పుట్టింటి పేగు తెంచుకోదు చూడండి, అలాగన్నమాట!

ఈ సంగతి మొదట పట్టుకున్నవాడు గాలెను. క్రీస్తుశకం రెండో శతాబ్దంవాడు. రోము రాజ్యంలో మల్లుల గాయాలకు కట్లు కట్టి చేయి తిప్పుకున్న వైద్యుడు. జంతువుల వెన్నుపాము మీద ప్రయోగాలు చేశాడు. మెడ పైభాగంలో కోస్తే ఊపిరి అక్కడికక్కడే ఆగిపోతుందనీ, మెడ అడుగున కోస్తే పక్కటెముకలు కదలకపోయినా ఉదర వితానం ఆడుతూ ప్రాణం నిలుపుతుందనీ తెలుసుకున్నాడు. అంటే మధ్యలోనే ఎక్కడో ఊపిరి నరం పుడుతున్నదన్నమాట.

గ్రీకు భాషలో 'ఫ్రెన్' అనే మాటకు ఉదర వితానమనీ అర్థమే, మనసు అనీ అర్థమే. మనసు ఉండేది అక్కడేనని వాళ్ళ నమ్మకం. అది చదివి నవ్వుకున్నాను. రెండువేల ఏళ్ళనాటి గ్రీకులకూ మా బావకూ పెద్ద తేడా లేదు. ఊపిరి ఆడకపోతే "మనసుల పడ్డది" అంటారు ఇద్దరూ!

ఇక మన హైదరాబాదుకు వద్దాం. 1847లో ఎడింబరోలో సింప్సను అనే డాక్టరు క్లోరోఫారం మత్తును వాడుకలోకి తెచ్చాడు. మరుసటి ఏడాది, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. అప్పటినుంచి డాక్టర్లలో తగువు మొదలైంది. క్లోరోఫారం ముందు గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా? మత్తు ఇచ్చేవాడు నాడి పట్టుకుని కూచోవాలా, ఊపిరిని చూస్తూ కూచోవాలా?

ఆ తగువు తీర్చడానికి పూనుకున్నది మన ఊరే. నిజాం వైద్య పాఠశాలకు పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో చదువుకున్నవాడు. "ఊపిరిని చూడండి, గుండె సంగతి తర్వాత" అనే పక్షం. ఆయన ఆధ్వర్యంలో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషను, 1889లో రెండోది జరిగాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు. రెండోసారి 'లాన్సెట్' వైద్యపత్రిక తరఫున లండనునుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షించి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చారు. అంతకుముందు గుండె పక్షాన ఉన్న బ్రంటన్ కూడా ఊపిరి పక్షానికి మారాడు. అప్పట్లో టేక్మాల్ కూడా నిజాం రాజ్యంలోనిదే. హైదరాబాదులో జరిగిన ఈ పని లోకమంతా చెప్పుకుంటుంటే టేక్మాల్లో మన తాతమ్మలకు తెలిసే దారి ఎక్కడిది!

ఈ పనిలో ఒక స్త్రీ కూడా ఉన్నదని చదివి నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. పేరు రూపాబాయి ఫర్దూంజీ. పార్శీ కుటుంబం. 1880ల దశకంలో, ఆడపిల్ల గడప దాటడమే వింతగా ఉన్న రోజుల్లో, హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరి చదివింది. లారీ దగ్గర క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరింది. లోకంలో మొట్టమొదటి మహిళా మత్తుడాక్టరు ఆమేనని ఇవాళ చాలామంది చెబుతారు. నిద్రలో ఉన్న రోగి తలదగ్గర నిలబడి, ఊపిరి ఎక్కడ తప్పుతుందోనని రెప్పవేయకుండా చూసిన ఆ పిల్లను తలచుకుంటే, జ్వరం పిల్ల పక్కన రాత్రంతా కూచునే తల్లే గుర్తుకొస్తుంది.

అయితే హైదరాబాదు తీర్పు పూర్తి నిజం కాలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన లండనులో ప్రయోగాలు చేసి, మత్తు తేలికగా ఉన్నప్పుడు క్లోరోఫారం గుండెను అదిరించి చప్పున ఆపేయగలదని చూపించాడు. అంటే రెండు పక్షాలవాళ్ళూ సగం సగం గెలిచారు. గుండె పనిలో ఉన్నవాడు ఊపిరినీ చూడాలి, ఊపిరి పనిలో ఉన్నవాడు గుండెనూ చూడాలి. ఇంత తగువులో మిగిలిన నీతి ఇదే.

ఇప్పుడు అక్కకు ధైర్యం చెప్పడానికి నాకు దొరికిన అసలు కథకు వస్తాను. మన ఊపిరి నరాన్ని ఒకప్పుడు డాక్టర్లు కావాలనే నలిపేవారు!

నమ్మలేకపోతున్నారు కదూ? మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. క్షయ అంటే ఇల్లంతా చీకటైపోయిన రోజులవి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికో, వికారాబాదు దగ్గర అనంతగిరికో పంపేవారు. మందు లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, అంతే. ఊపిరితిత్తికి కూడా విశ్రాంతి ఇవ్వాలని ఆనాటి వైద్యం. కాలు విరిగితే కదలకుండా కట్టు కడతాం, మరి ఊపిరితిత్తికి కట్టు కట్టేదెలా? 1911లో జర్మనీలో ష్టూర్ట్‌స్ అనే డాక్టరు ఒక ఉపాయం చెప్పాడు. రోగం ఉన్న పక్క ఫ్రెనిక్ నరాన్ని ఆపేస్తే ఆ పక్క ఉదర వితానం పైకి లేచి ఊపిరితిత్తిని అదిమి పెడుతుంది. దానికి పని తగ్గుతుంది. మొదట్లో నరాన్ని కోసేవారు. కోస్తే మళ్ళీ పనికి రాదు గనుక, తర్వాత తర్వాత మెడ దగ్గర చిన్న గాటు పెట్టి, నరాన్ని పట్టకారుతో నలిపి వదిలేసేవారు. ఎందుకంటే నలిగిన నరం కొన్నాళ్ళకు మళ్ళీ చిగురిస్తుందని వాళ్ళకు తెలుసు. చాలామందికి ఆరు నెలలు అటూ ఇటూగా ఉదర వితానం మళ్ళీ కదలడం మొదలుపెట్టేది. విశ్రాంతి చాలలేదనుకుంటే మళ్ళీ నలిపేవారు కూడా!

1943లో స్ట్రెప్టోమైసిను కనిపెట్టారు. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. బిళ్ళలు మింగి ఇంట్లోనే ఉన్నా క్షయ నయమవుతుందని 1950ల చివర మద్రాసులో జరిగిన పరిశోధనలోనే తేలింది. దాంతో నరాలు నలపడం చరిత్రలో కలిసిపోయింది. కాని ఆ శానిటోరియంల అనుభవం ఒక మాట మిగిల్చింది. ఈ నరానికి ఓపిక ఉన్నది. అది తన నెలలు తాను తీసుకుని తిరిగి వస్తుంది.

ఈ ముక్క ఫోనులో చెబితే అక్క, "అట్లనా? నలిపినా మొలుస్తదా? పుంటికూర తీరు!" అన్నది. ఆ నవ్వు విని నాలుగు నెలలైంది.

మరి అక్క నరాన్ని ఎవరు నలిపారు? ఎవరూ కాదు. 1953లో అమెరికాలో గిబ్బన్ అనే డాక్టరు గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం పెట్టి గుండె లోపల మొదటిసారి విజయవంతంగా ఆపరేషను చేశాడు. మన దేశంలో 1960ల మొదట్లో వెల్లూరులోనూ, బొంబాయిలోనూ అలాంటివి మొదలయ్యాయి. కాసేపు ఆపిన గుండె పాడవకుండా ఉండాలంటే దాన్ని చల్లబరచాలి. అందుకు చల్లటి ఉప్పునీళ్ళు, మంచుముద్ద గుండె చుట్టూ పోసేవారు. పక్కనే పోతున్న ఫ్రెనిక్ నరానికి, ముఖ్యంగా ఎడమవైపు దానికి, ఆ చలి తగిలి కొంకర్లు పోయేది. గుండె మేలుకునేది, నరం మాత్రం నిద్రపోయేది. ఇది చూసి తర్వాతివాళ్ళు మంచు తగ్గించారు. గుండెకూ నరానికీ నడుమ దిండులాంటిది అడ్డం పెట్టడం నేర్చుకున్నారు. అయినా చలివల్లనో, ఛాతీని విప్పి పట్టినప్పుడు సాగడంవల్లనో, బైపాసుకోసం ఛాతీగోడ నాళాన్ని విడదీసేటప్పుడో ఇప్పటికీ కొందరికి దెబ్బ తగులుతూనే ఉన్నది.

కోత లేకుండా చేసే పనుల్లోనూ ఈ గండం ఉన్నది. లయ తప్పి దడదడలాడే గుండెకు ఇప్పుడొక చికిత్స ఉన్నది. ఊపిరితిత్తులనుంచి గుండెకు వచ్చే సిరల మొదళ్ళలోనే ఆ దడ పుడుతున్నదని 1998లో ఫ్రాన్సులో ఒక వైద్యబృందం కనిపెట్టింది. తొడ దగ్గరనుంచి సన్నని గొట్టం పంపి, చివరన ఒక బుడగ ఉబ్బించి, గడ్డకట్టేంత చలితో ఆ చోటును మాడ్చేస్తారు. కుడివైపు ఊపిరి నరం అక్కడికి చాలా దగ్గర. అందుకని ఏం చేస్తారో తెలుసా? మెడ కిందినుంచి ఆ నరాన్ని సన్నని విద్యుత్తుతో తడుతూ ఉంటారు. తట్టినప్పుడల్లా ఉదర వితానం ఎగురుతుంది. ఒకరు రోగి పొట్ట మీద చెయ్యి వేసి ఆ ఎగురు చూస్తుంటారు. ఎగురు మెత్తబడిందా, వెంటనే చలి ఆపేస్తారు. లోపల అన్ని యంత్రాలుండీ చివరికి నమ్ముకున్నది పొట్ట మీద ఒక మనిషి చెయ్యి! గుండె పని చేస్తూ ఊపిరిని చూడటం. అఫ్జల్‌గంజులో లారీ, రూపాబాయి చేసిన పని ఇదే కదా అనిపించింది.

ఇక నరం ఎంతలో తిరిగి వస్తుందంటే దానికొక లెక్క ఉన్నది. చలికి మొద్దుబారి, లోపలి తీగ తెగకుండా ఉంటే కొన్ని వారాల్లో, నెలల్లో మేలుకోవచ్చు. తీగ చెడితే, చెడిన చోటునుంచి మళ్ళీ మొలవాలి. నరం పెరిగేది రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. గుండె పక్కనుంచి ఉదర వితానందాకా జానెడు దూరమనుకున్నా, ఆరేడు నెలల పని. కొందరికి ఏడాది, రెండేళ్ళు కూడా పడుతుంది. కొందరికి రాదు. అప్పుడు పైకి లేచిన ఆ కండను మడిచి కుట్టి బిగించే ఆపరేషను ఉన్నది. ఇంకొకపక్క నరం బాగుంటే చాలామంది ఆ ఒక్కదానితోనే, పక్కటెముకల కండల సాయంతో నెగ్గుకొస్తారు.

నరాన్ని తొందరపెట్టే మందు లేదు గాని, మనం చేయగలిగింది ఉన్నది. అక్కకు తలవైపు మంచం కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. కడుపు నిండా తింటే గొడుగు మరీ పైకి నెట్టుకొస్తుంది గనుక రెండు జొన్నరొట్టెలు ఒక్కసారి కాకుండా నాలుగు తడవలుగా తిన్నది. పొట్ట మీద చెయ్యి వేసుకుని పొట్టతో ఊపిరి పీల్చడం నేర్చుకున్నది. ఆసుపత్రిలో మూడు బంతుల ప్లాస్టిక్ బొమ్మ ఇచ్చారు, గాలి పీలిస్తే బంతులు లేస్తాయి. మొదట ఒక బంతి లేచేది. మనవడు మూడూ లేపి చప్పట్లు కొడుతుంటే, "వానితోని పోటీ ఏంది నాకు" అనుకుంటూనే రోజూ పట్టుబట్టి పీల్చేది. పొద్దునా సాయంత్రం ఇంటినుంచి వీధి చివరిదాకా నడక. మొదటి వారం మూడుచోట్ల ఆగింది. తర్వాత రెండు. తర్వాత ఒకటి.

ఒక్క జాగ్రత్త చెప్పి తీరాలి. గుండె ఆపరేషను తర్వాత వచ్చే ప్రతి ఆయాసమూ నరంవల్లనే కాదు. ఛాతీలో నీరు చేరవచ్చు, రక్తం తగ్గి ఉండవచ్చు, గుండెలోనే ఏదో జరగవచ్చు. ఆయాసం ఉన్నట్టుండి ఎక్కువైనా, జ్వరం వచ్చినా, కాళ్ళు వాచినా, ఛాతీ నొప్పి వచ్చినా నా వ్యాసం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అసలు అడగవలసిన ప్రశ్న ఒకటే. పడుకుంటే ఎక్కువవుతున్నదా? అదే మాట డాక్టరుతో చెప్పండి. "భయం" అని ఇంట్లోనే తీర్పు చెప్పుకుని ఊరుకోవద్దు.

ఆరో నెల ఎక్సురేలో గొడుగు కొద్దిగా దిగింది. ఆశ్వయుజం వచ్చింది. బతుకమ్మ నాడు నేను టేక్మాల్ వెళ్ళాను. అంతకుముందు ఏడాది, ఆపరేషను కాకముందు, అక్క అరుగు మీద కూచుని చూసింది. ఈసారి తంగేడు పూలు తానే పేర్చింది. ఆడవాళ్ళంతా చుట్టూ తిరుగుతూ పాడుతుంటే తానూ కలిసింది. బతుకమ్మ పాటంటే తెలుసుగా, వంగి చప్పట్లు కొట్టాలి, అడుగు వెయ్యాలి, చరణం అందుకోవాలి. ఊపిరికి అంతకన్న పరీక్ష ఏ ఆసుపత్రిలో పెడతారు!

అక్క రెండు చుట్లు పాడింది. మూడో చుట్టులో చరణం సగంలో ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేను కంగారుగా వెళ్ళాను.

"ఏం గాలే చెల్లె. రూపాయిల పన్నెండణాలు వచ్చినట్టే. తక్కిన నాలుగణాలు మెల్లగొస్తయి" అన్నది.

బావ కుర్చీ తెచ్చి వేశాడు. ఈసారి భయమనలేదు. "నరం ఇంకింత మొలవాలె" అన్నాడు ఎవరితోనో, తానే కనిపెట్టినంత గొప్పగా. అక్క నా వంక చూసి నవ్వి, ఊపిరి కూడదీసుకుని, నాలుగో చుట్టుకు లేచింది.